విద్యార్థి విలేఖకులు - కలముల పందెములు

వార్త యను శబ్దమునకు నేఁడు సమాచార మను నర్థమే ప్రసిద్ధము. వైయాకరణులు దీనిని వృత్తిశబ్దముమీఁద మత్వర్థమున ణప్రత్యయముచే సాధింతురు. వృత్తి యనఁగా జీవనోపాయము. కౌటల్యుఁడు విద్యలను నాలుగుగా విభజించి, ఆన్వీక్షకి, త్రయి, దండనీతి యను వానితోపాటు వార్తను బరిగణించెను. సేద్యము, పశుపాలనము, వర్తకము నను మూఁటిని దానికి విషయముగా నిర్దేశించెను. ఊరివారు దేనిచే బ్రదుకుచున్నారో యదియే వార్త. ఈ యర్థము కాలక్రమమున సడలి, ఎచ్చటనో యేదో జరిగెనను మాటగా మాఱినది. ఉన్నతపాఠశాలలలోఁ జదువు బాలబాలికల పత్రికారచనమును గుఱించి విచారించునెడ ఈ పాత యర్థమును మఱవకుండుట మంచిది. ఏలయన, విద్యార్థుల రచనలకు మనదేశమునఁ బెట్టఁబడిన పందెములలోఁ దక్కిన విద్యలకు ఏదో యొక స్థానము దొరకెను గాని వార్తకు దొరకుట మిక్కిలి యరుదు.

గోదావరీ తీరమునఁ బందెమను మాట వినఁగనే సంక్రాంతినాఁటి కోడిపందెములు స్ఫురించును. ఇచ్చటఁ జెప్పఁబోవునవి కలముల పందెములు. వీనియందుఁ గత్తి కట్టుట లేదు. అయినను దెబ్బతినినవారు లేకపోలేదు.

జంగారెడ్డిగూడెము ఏలూరునకు ఉత్తరమున మెట్టసీమలో నున్న పట్టణము. 1925లోఁ బశ్చిమగోదావరి జిల్లా యేర్పడినది. 2022 ఏప్రిలులో జిల్లాలను మరల విభజించినప్పుడు ఈ యూరు ఏలూరు జిల్లాలోఁ జేరినది. దీనికి ఉత్తరమున బుట్టాయగూడెము, జీలుగుమిల్లి మొదలగు మన్యపుటూళ్లు కలవు. పొలములలో వర్జీనియా పొగాకును, ఆయిల్‌పాము తోటలును మెండు. 1976లో నేర్పడిన పొగాకు బోర్డు వారి వేలపుకేంద్రము లిచ్చట నున్నవి. బ్యారనులలో నాకును గాల్చుటకు వలయు కట్టె యెచ్చటనుండి వచ్చుచున్నది, వేలమున నేదినమున నే రకమున కెంత ధర పలికినది, మన్యమునుండి సంతకు వచ్చిన చింతపండునకుఁ దూఁకము సరిగా వేసిరా లేదా యను సంగతులు ఈ యూరి బాలునకుఁ బుస్తకము విప్పకయే తెలియును. కౌటల్యుఁడు చెప్పిన వార్తలో మూఁడు పాళ్లును వాని కన్నులయెదుట నున్నవి. కాని పాఠశాలకుఁ బందెపు ప్రకటనము వచ్చినప్పుడు, స్వచ్ఛత, దేశభక్తి, పర్యావరణరక్షణము మొదలగు విషయములమీఁద వ్యాసము వ్రాయుమని కోరుదురు. ఆ బాలుఁడు తనకుఁ దెలిసిన సంగతిని విడిచి, తెలియనిదానిని బెద్దవారి మాటలలో వ్రాయును. బహుమానము వచ్చుటయుఁ గలదు. ఇది యెట్లు సంభవించినదో తెలిసికొనుటకుఁ గొంచెము వెనుకకుఁ బోవలసియున్నది.

1878వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదిని జెన్నపట్టణమున హిందూ పత్రిక పుట్టెను. దానిని బుట్టించినవా రాఱుగురు. వారిలో జి. సుబ్రహ్మణ్యయ్యరు, ఎం. వీరరాఘవాచార్యులు నను నిరువు రుపాధ్యాయులు. తక్కిన నలుగురును న్యాయశాస్త్రము చదువుచున్న విద్యార్థులు, టి. టి. రంగాచార్యులు, పి. వి. రంగాచార్యులు, డి. కేశవరావు పంతులు, న్యాపతి సుబ్బారావు పంతులు. ముత్తుస్వామయ్యరుగారిని ఉన్నతన్యాయస్థానమున న్యాయాధిపతిగా నియమింపఁగా ఆంగ్లేయుల పత్రికలు ఆ నియామకమును నిందించెను. దానికిఁ బ్రత్యుత్తర మిచ్చుటకు మనవారి పత్రిక లేదను కొఱఁత వీరికిఁ దోఁచెను. చేత ధనము లేదు. ఒక రూపాయి పండ్రెండణాలు అప్పు తెచ్చి, మింటువీథిలోని శ్రీనిధి ముద్రాక్షరశాలలో 80 ప్రతులు అచ్చొత్తించిరి. వారమున కొకసారి వెలువడుచుండిన ఆ పత్రిక 1883లో వారమునకు మూఁడుసారులును, 1889లో దినపత్రికగాను మాఱెను.

వీరు ఉన్నతపాఠశాలా విద్యార్థులు కారు, పెద్దచదువు చదువుచున్నవారు. అయినను విద్యార్థి విలేఖకుల చరిత్రలో వీరిని విడుచుట తగదు. ఏ బహుమానమును గోరి వారు వ్రాయలేదు. ఒక వార్త తప్పుగాఁ జెప్పఁబడినదని తోఁచినందున వ్రాసిరి. పరీక్షలు ముగిసినపిదప విద్యార్థులు న్యాయవాదవృత్తికిఁ బోయిరి. పత్రికాభారము ఉపాధ్యాయుల మీఁదఁ బడెను. విద్యార్థులు పత్రికను బెట్టుట, ఉపాధ్యాయులు దానిని మోయుట యను క్రమము నాఁటినుండి నేఁటివఱకు బడులలో జరుగుచునే యున్నది.

ఆ నలుగురిలో న్యాపతి సుబ్బారావు పంతులుగారు రాజమహేంద్రవరము చేరి న్యాయవాదియై, 1891లోఁ జింతామణి యను తెలుఁగు మాసపత్రికను స్థాపించిరి. దానికి సంపాదకులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. పంతులుగారును బడినుండియే పత్రికకు వచ్చినవారు. 1874లో వివేకవర్ధనిని బ్రారంభించునాఁటికి వారు ధవళేశ్వరమున ఆంగ్లపాఠశాలకుఁ బ్రధానోపాధ్యాయులు. చింతామణి పక్షమున సుబ్బారావు పంతులుగారు తెలుఁగు నవలలకు బహుమానములు ప్రకటించిరి. తెలుఁగున నొక పత్రిక రచనలకుఁ బందెము పెట్టి గ్రంథముల బుట్టించిన తొలి ప్రయత్నములలో నిది ముఖ్యము. అప్పుదెచ్చి పత్రిక నచ్చొత్తించిన విద్యార్థియే పెద్దవాఁడై యితరుల రచనలకు ధన మిచ్చువాఁ డాయెను.

ఆ పందెమువలన నెక్కువ లాభము పొందినది తెలుఁగు భాషయే యనఁదగును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు 1867లో ఖండవల్లి యందు జన్మించి వీరవాసరమునఁ బెరిఁగినవారు. రెండు నూళ్లును బూర్వపుఁ బశ్చిమగోదావరి జిల్లాలోనివే. బాల్యమునుండి చూపు మందము. రాత్రులు బొత్తిగాఁ గనఁబడదు. చదువు చెప్పి బ్రదికినవారు. 1894లో వారి రామచంద్రవిజయమునకుఁ జింతామణి ప్రథమ బహుమాన మిచ్చెను. పిదప హేమలత, అహల్యాబాయి మొదలగునవి వెలువడెను. చూపు చాలక, తాను జెప్పుచుండఁగా నొరులు వ్రాయవలసిన మనుష్యునికి, వ్రాసినదానిని జదివి తీర్పు చెప్పువారు కలరను నమ్మక మెంత బలమో యూహింపవచ్చును. పందెమున కున్న నిజమైన ప్రయోజన మిదియే. ధనము కాదు, అపరిచితుఁడైన పాఠకుఁడు. పిదప లక్ష్మీనరసింహముగారు పత్రికలు నడపిరి. పోలవరము జమీందారుగారి పోషణమున రాజమహేంద్రవరమునుండి వెలువడిన సరస్వతి పత్రికకు సంపాదకత్వము వహించిరి. 1909లో రాజమహేంద్రవరమున హరిజన బాలుర కొఱకు రామమోహన పాఠశాలను స్థాపించిరి.

అయితే చింతామణి బహుమానములు కథకే వచ్చెను. అదే సంపాదకుని వివేకవర్ధని ఉద్యోగుల లంచములను, వేశ్యల మేజువాణీలను, బాల్యవివాహములను గుఱించి యేండ్లకొలఁది వ్రాసినది. దాని వలనఁ బంతులుగారికిఁ గలిగినది శత్రువుల గుంపు. కథ వ్రాసినవానికి రూపాయలు, వార్త వ్రాసినవానికి వైరులు. ఈ భేదము తెలుఁగు బడులలో నొకవిధమైన పాఠముగా నిలిచెను. ఉపాధ్యాయులు పిల్లలచేఁ బద్యములు, కథలు వ్రాయింతురు. బడియందలి మంచినీటికుండ కారుచున్నదని వ్రాయింపరు.

ఈ పాఠమును మఱింత గట్టిగా నేర్పినది 1907. ఆ వత్సరము ఏప్రిలులో బిపినచంద్రపాలుఁడు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించెను. ఆ యుపన్యాసములను దెనిఁగించినవారు చిలకమర్తి వారే. పిదప విద్యార్థులు వందేమాతరము చిహ్నములను ధరించి తరగతులకుఁ బోయిరి. మార్కు హంటరు అను నధ్యక్షుఁడు వారిని శిక్షించెను. ఉపాధ్యాయశిక్షణము పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. ప్రభుత్వోద్యోగమునకు దారి మూయఁబడెను. వారు మఱుసటియేఁడు బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడపి, అందలి వ్రాఁతకుఁ గారాగారమునకుఁ బోయిరి. బడిలోఁ జిహ్నము ధరించిన నేరమునకుఁ గొలువు పోయినది. పత్రికలో వాక్యము వ్రాసిన నేరమునకు స్వేచ్ఛ పోయినది. ఆ తరమువారు తమ పిల్లలకు వార్త వ్రాయుమని చెప్పుటకు జంకిరన్నచో వారిని దప్పుపట్టరాదు. హరిసర్వోత్తమరావుగారు మాత్రము జంకలేదు. చెఱనుండి వచ్చి గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును బాటుపడిరి.

ఇంక ఏలూరు సంగతి. ఇచ్చటి మంజువాణీ ముద్రాక్షరశాల పేరు పాత తెలుఁగు గ్రంథముల ముఖపత్రములమీఁదఁ గనఁబడుచుండును. 1902లో సత్తిరాజు సీతారామయ్యగా రీ పట్టణమునుండి హిందూసుందరి యను స్త్రీల పత్రికను వెలువరించిరి. మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ గారలు దానికి సంపాదకురాండ్రు. ఉన్నతపాఠశాల గడప త్రొక్కని స్త్రీ లెందఱో యిట్టి పత్రికలకుఁ దమ సంగతులను వ్రాసి పంపి వాక్యరచనము నేర్చిరి. ఇది పందెము కాదు. ఇంటిలోనుండి వ్రాయుటకు దొరకిన యవకాశము. అవకాశము దొరకినచోట బహుమానము లేకయే రచన పుట్టునని దీనివలనఁ దెలియుచున్నది. కాని ముద్రాక్షరశాలలును గాలువలును బల్లపుసీమలో నుండెను. మెట్టసీమకు అచ్చు ఆలస్యముగాఁ జేరినది. అచ్చు లేనిచోటఁ బిల్లలకు మిగిలిన మార్గ మొకటియే, అది లిఖితపత్రిక.

లిఖితపత్రిక యనఁగా నేమో నేఁటి బాలురకుఁ జెప్పవలసియున్నది. తరగతిలో నక్షరములు గుండ్రముగా వ్రాయు బాలుఁ డొకఁడుండును; బొమ్మలు వేయువాఁ డొకఁడుండును; అందఱివద్దను వ్యాసములు పిండుకొని వచ్చు నోరుగలవాఁ డొకఁడుండును. ఈ మువ్వురు చేరినఁ బత్రిక సిద్ధము. ఠావుకాగితములు మడిచి దారముతోఁ గుట్టి, పై యట్టమీఁద రంగుల యక్షరములతోఁ బేరు వ్రాయుదురు. ఉన్నది ఒక్కటే ప్రతి. అది చేతులు మాఱుచుఁ దిరుగును. చివరను గొన్ని పుటలు పాఠకుల యభిప్రాయములకై విడువఁబడును. ఆ పుటలే పత్రికకు ప్రాణము. వ్యాసము వ్రాసినవాఁడు చదివినవాని మాటను అక్కడనే, తన మిత్రుని దస్తూరిలోనే చూచును. వ్యాకరణమున వార్తికలక్షణము చెప్పునపుడు సూత్రకారుఁడు చెప్పినదానిని, చెప్పకవిడిచినదానిని, తప్పుగాఁ జెప్పినదానిని విచారించు గ్రంథమని చెప్పుదురు. కాత్యాయనుఁడు పాణినికిఁ జేసిన పనినే లిఖితపత్రిక చివరిపుటలో నెనిమిదవ తరగతి బాలుఁడు తొమ్మిదవ తరగతివానికిఁ జేయును. మర్యాద కొంచెము తక్కువగా నుండవచ్చును.

ఇట్టి పిల్లల పత్రికలలోఁ బేరెన్నికగన్న దానికి గోదావరి సంబంధమే కలదు. 1945 ఆగస్టులో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు చెన్నపట్టణమున బాల యను మాసపత్రికను స్థాపించిరి. ఆకాశవాణిలోఁ బిల్లలకు అన్నయ్య, అక్కయ్య యని ప్రసిద్ధులైన వా రీ దంపతులే. పిల్లలకొఱకుఁ బెద్దలు వ్రాయుటతోఁ దృప్తిపడక, పిల్లలు వ్రాసినదానిని గూడ నందుఁ బ్రకటించిరి. ధవళేశ్వరమునఁ బుట్టి చెన్నపట్టణమునఁ జదువుకొనుచుండిన ముళ్లపూడి వెంకటరమణ యను బాలుని తొలికథ, అమ్మమాట వినకపోతే యనునది, ఆ సంవత్సరమే బాలలో వెలువడెను. అప్పటి కతని వయస్సు పదునాలుగేండ్లు. అచ్చులోఁ దనపేరు చూచుకొనిన బాలుఁ డూరకుండునా? ఉదయభాను అను పేరఁ దానే యొక పత్రికను మొదలిడి సంపాదకుఁ డాయెను. బొమ్మలు వేసినవాఁడు నరసాపురమున 1933లో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ; తరువాతఁ గాలమున బాపు అను పేర లోకమంతయు నెఱిఁగినవాఁడు. మండలీక వేంకటశాస్త్రి యను మిత్రుఁడు రచయిత. ఒక ప్రదర్శనమునఁ బత్రికను విక్రయింపఁగా 50 రూపాయలు లాభము వచ్చెను. ఆ ధనముతో వారు మిఠాయి కొనలేదు. సైక్లోస్టైలు యంత్రమును గొనిరి.

ఈ యుదంతమున గమనింపవలసిన దొకటి కలదు. బాల ఇచ్చినది అవకాశము. అచ్చైన కథ బహుమానమువంటిదే. కాని ఆ బాలు రందుతో నాఁగక, తమ పాఠకులను దామే వెదకికొనిరి. కాగితపు ఖరీదు, ప్రతి ధర, మిగులు లెక్క తామే వేసికొనిరి. వెంకటరమణగా రటుపిమ్మట ఆంధ్రపత్రికలో నుద్యోగించి, వార్తలను జలనచిత్రములను గుఱించి వ్రాసి, ఆ పిమ్మటఁ జలనచిత్రములకే రచయిత యైరి. సైక్లోస్టైలు యంత్రము త్రిప్పిన చేతికి నెక్కడి పంక్తి బరువో, యెక్కడి పంక్తి యెక్కువో తెలియును.

1947 జూలైలోఁ జందమామ వెలువడెను. అందలి ఛాయాచిత్రవ్యాఖ్యల పోటీని బెద్దవారు గూడ మఱచియుండరు. రెండు చిత్రములు అచ్చువేసి, వానికిఁ బరస్పరము పొసఁగునట్టి చిన్నవ్యాఖ్యలను బోస్టుకార్డుమీఁద వ్రాసి పంపుమని కోరెడివారు. పలుచని యా కార్డు జంగారెడ్డిగూడెమునుండియైనను, కొల్లేటిలంకలనుండియైనను జెన్నపట్టణమునకు ఒకే ఖర్చుతోఁ బోవును. ఇది పిల్లల యాటగా నెంచఁబడినది గాని, చూచినదానిని మూఁడు నాలుగు మాటలలోఁ జెప్పుట పత్రికాలయమున శీర్షిక పెట్టువాని విద్య. ఊరూరఁ బిల్లలు తమ కెఱుకలేకయే యా విద్యను నభ్యసించిరి. 1949లో శంకరుగారు ఢిల్లీలోఁ దమ శంకర్స్ వీక్లీ పక్షమున బాలలకుఁ బోటీలను నెలకొల్పిరి. అవి పిదప నంతర్జాతీయములై చిత్రలేఖనమునకును రచనకును బేరుపొందెను.

రచనకుఁ గాక, బడిపిల్లల పత్రికకే పందెము పెట్టిన దేశము అమెరికా. న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున 1925లో బడిపత్రికల సంఘ మొకటి వెలసెను. బడులవారు తమ పత్రికలను బంపుదురు. ఎరిఁగినవారు వానిని బుటపుటయుఁ జూచి, శీర్షిక లెట్లున్నవి, వార్తకు మూలము చెప్పఁబడినదా, చిత్రము సంగతికిఁ దగియున్నదా యని గుణదోషములు వ్రాసి త్రిప్పిపంపుదురు. 1926లో అయోవా విశ్వవిద్యాలయమున జార్జి గాలపు మొదలగువారు, ఉన్నతపాఠశాలా విలేఖకుల గౌరవార్థము క్విల్ అండ్ స్క్రోల్ అను సంఘమును స్థాపించిరి. గాలపు పిదప ప్రజాభిప్రాయ గణనమునఁ బ్రసిద్ధిచెందినవాఁడు. విద్యార్థిదశలో నా విశ్వవిద్యాలయ పత్రికకు సంపాదకుఁడు. ఆ దేశపు పందెములలో మనవారు గ్రహింపఁదగినది పతకము కాదు. పతకము లోహపు ముక్క. గుణదోషములు వ్రాసిన కాగితము మాత్రము గెలువనివానికిని దొరకును. మన పోటీలలో గెలిచిన మువ్వురి పేర్లు ప్రకటింతురు. తక్కిన మూఁడువందల కాగితము లేమైనవో యెవ్వరికిఁ దెలియదు. ఓడిన బాలునకుఁ దన తప్పు తెలిసినప్పుడే గదా యా పందెము చదువగును.

అక్కడ నంతయు సుఖమే యనుకొనరాదు. 1983లో మిస్సోరి రాష్ట్రమందలి హేజిల్‌వుడ్ ఈస్టు ఉన్నతపాఠశాలలో విద్యార్థులు తమ స్పెక్ట్రం పత్రికకు గర్భవతులైన బాలికలను గుఱించియు, తల్లిదండ్రుల వివాహవిచ్ఛేదమును గుఱించియు వ్యాసములు సిద్ధపఱిచిరి. ప్రధానోపాధ్యాయుఁ డా రెండు పుటలను దీసివేసెను. విద్యార్థినులు న్యాయస్థానమున కెక్కిరి. 1988 జనవరిలో అత్యున్నత న్యాయస్థానము, పాఠశాల తన పత్రికను విద్యాప్రయోజనమును బట్టి యదుపుచేయవచ్చునని తీర్పుచెప్పెను. అదే న్యాయస్థానము 1969లో, యుద్ధమునకు నిరసనగా నల్లపట్టీలు ధరించి బడికి వచ్చిన పిల్లలను దండించుట తగదని చెప్పియుండెను. 1907లో రాజమహేంద్రవరపు విద్యార్థులు ధరించిన చిహ్నములకును ఈ నల్లపట్టీలకును వస్తుభేదమే కాని భావభేదము లేదు. ఆ దేశమునఁ బట్టీకి రక్ష దొరకినది. బడి యచ్చొత్తించు పుటకు దొరకలేదు. బడి సొమ్ముతో నచ్చైన పత్రికపైఁ బెత్తనము బడిదే యను వాదమునకు మన యుపాధ్యాయులును సమ్మతింపవచ్చును. పిల్లలు తమ కాగితముమీఁదఁ దామే వ్రాసి కుట్టుకొన్న పత్రిక కా వాదము పట్టదు. లిఖితపత్రికకుఁ గల గౌరవమున నిదియు నొక కారణము.

నేఁటి బాలురకుఁ గల యవకాశములలోఁ దపాలావారివి రెండు చెప్పఁదగినవి. విశ్వతపాలాసంఘము 1971నుండి తొమ్మిది మొదలు పదునైదేండ్ల వఱకుఁ గల పిల్లలకు లేఖారచనలోఁ బోటీ నడపుచున్నది. దేశదేశమున గెలిచిన లేఖను స్విట్జర్లాండునందలి బెర్నునకుఁ బంపుదురు. భారత తపాలాశాఖ 2017లో ఢాయీ ఆఖర్ అను పేర నింకొకటి ప్రారంభించెను. పేరునకు రెండున్నర యక్షరములని యర్థము. ప్రేమ యను మాటను హిందీవా రట్లు లెక్కింతురు. తెలుఁగు ఛందశ్శాస్త్రము ప్రకారము ప్రేమకు నక్షరములు రెండే. అర యెక్కువైనను దప్పులేదు. ఇన్లాండు కాగితమున 500 మాటలకును, కవరులోఁ బెట్టు లేఖయైనచో 1000 మాటలకును మించరాదు, చేతితోనే వ్రాయవలెను, మాతృభాషలో వ్రాయవచ్చును. తొలియేఁటి విషయము గాంధీమహాత్మునకు లేఖ. లేఖ వార్తకుఁ దోఁబుట్టువు. తన యూరినుండి దూరముననున్న మనుష్యునకు, అతఁ డెఱుఁగని సంగతిని దెలియఁజేయుటయే రెంటికిని బని. దురదృష్టవశమున మహాత్మునకు వ్రాసినను దేశనాయకులకు వ్రాసినను, వారికిఁ దెలిసిన సంగతులనే వారికి విన్నవించుట మన పిల్లలకు నలవాటైనది. ఏ బాలుఁడైనను మహాత్మునకుఁ దన యూరి పొగాకు ధరను వ్రాసినయెడల నది మంచి లేఖ కాఁగలదు. బహుమానమునకు నోఁచునో లేదో వేఱుమాట.

పెద్దవారి పత్రికలలో జిల్లా వార్తలకుఁ బ్రత్యేకపుటలు వచ్చుటయు నీ చరిత్రలోనిదే. 1974లో విశాఖపట్టణమునఁ బుట్టిన ఈనాడు 1989లో జిల్లా యనుబంధములను బ్రారంభించెను. తక్కిన పత్రికలు ననుసరించెను. పూర్వము ముద్రకు నోఁచని చిన్నయూళ్ల సంగతులు ప్రతిదినమును నచ్చుపడఁజొచ్చెను. ఊరనున్న విలేఖకునకు అచ్చైన వార్త కొలతనుబట్టి ప్రతిఫల మిచ్చు పద్ధతియుఁ గలదు. విలేఖన మనఁగా గీయుట. తాటియాకుమీఁద గంటముతో గీసిన కాలమున నీ శబ్దము సార్థకమే. గీసినదానిని మూరలతోఁ గొలుచుట క్రొత్త. ఈ విలేఖకులలోఁ బెక్కురు బడియుపాధ్యాయులుగను, చిన్నవర్తకులుగను బ్రదుకుచు వార్తలు పంపినవారు. పాఠశాలలో నొక విలేఖకుఁ డుపాధ్యాయుఁడుగా నుండఁగా, పిల్లలకు వార్త వ్రాయుట నేర్పు పాఠము లేకపోవుట విచిత్రమే. పత్రికలవారు పెట్టిన శిక్షణాలయములు పట్టభద్రులకొఱకు. పదునాలుగేండ్ల వెంకటరమణకు వానిలోఁ జోటు దొరకియుండదు.

కొల్లేటిని జూడుఁడు. 1999లోఁ బక్షుల యభయారణ్యముగాఁ బ్రకటింపఁబడినది. 2002లో రాంసారు ఒడంబడికలోఁ జేరినది. 2006లోఁ జేఁపల చెఱువుల గట్లను బెద్దయెత్తునఁ గొట్టివేసిరి. ఈ మూఁడు సంవత్సరములను గుఱించియు బడిపిల్లలచేఁ బర్యావరణవ్యాసములు వ్రాయింపవచ్చును. అందుఁ బక్షులకు స్థానము తప్పక దొరకును. కాని ఆటపాకలోఁ గొంగ లెన్ని దిగినవో యెంచగల బాలుఁడే, 2006లోఁ దన తండ్రి చెఱువు పోయినపుడు ఇంటిలోఁ బొయ్యి యెట్లు వెలిగినదో కూడఁ జెప్పగలఁడు. మొదటిది బహుమానము తెచ్చును. రెండవదానికి నే పందెమునను శీర్షిక లేదు. పక్షుల పక్షమున వ్రాయుట తప్పు కాదు. ఒకే బాలుఁడు రెండును వ్రాసినప్పుడు చదువరికి కొల్లేరు తెలియును.

జంగారెడ్డిగూడెపు పిల్లలకు నిట్టి సంగతి యొకటి చేరువనే కలదు. ఎఱ్ఱకాలువ మెట్టనుండి దిగి, కొంగువారిగూడెమునొద్ద జలాశయమై నిలిచి, అక్కడనుండి క్రిందికిఁ బాఱి, తాడేపల్లిగూడెము, నిడదవోలు ప్రాంతముల పొలములనడుమఁ బోయి యనమదుఱ్ఱు కాలువలోఁ గలియును. గట్టివాన కురిసిన యేఁట మీఁద నీరు విడుతురు. క్రింద వరిచేలు మునుఁగును. పైయూరివారికి జలాశయము నిండుట శుభవార్త. క్రిందియూరివారికి నదియే భయవార్త. రెండూళ్లలోను బడు లున్నవి. పైబడి బాలుఁడు తలుపు లెత్తిన దినమును గంటను వ్రాసి, క్రిందిబడి బాలిక నీరు చేనిగట్టు దాఁటిన దినమును గంటను వ్రాసి, ఒకరి కాగితము నొకరికిఁ బంపుకొన్నచో, నీరు నడచిన కాలమెంతయో యొక లిఖితపత్రికలో నెక్కును. మునిఁగిన చే లెవరివో, నారు మరలఁ బోసికొనుటకు విత్తనము దొరకినదో లేదో చివరిపుటలలోఁ జదువరులు వ్రాయుదురు. దీనికి వలయునది నాలుగు ఠావుల కాగితము, ఒక దారపుండ, ఏలూరు వైపుపోవు బస్సులో నెఱిఁగినవాఁ డొకఁడు.